దానయ్య గుండె తవ్వుకున్న దారి

ఏటి మంజూ, గుండె పాఠమా చదువుతన్నావు? నర్సింగోళ్లకి అది కూడా చెప్తారా? అయితే ఆ పుస్తకం పక్కనెట్టి మీ తాత గుండె గురించి నన్నడుగు. నువ్వు పుట్టకముందే పోయినాడు గదా, నీకేటి తెలుసు. నా మొగుణ్ణి నాను పొగడకూడదు గానీ, ఈ దీవిలో, మన షాదీపూర్‌లో చేపల వేటకెళ్లీవోళ్లందరికీ దానయ్య మాటంటే మాటే. గాలెటు తిరుగుతాదో, సముద్రం ఎప్పుడు లేస్తాదో నిలబడి చూసి చెప్పీసీవోడు. సునామీ తరవాత మరీను, రేడియో చెప్పినా నమ్మీవోరు కాదు, దానయ్య ఏటన్నాడనీవోరు.

మన వీధి ఎత్తు చూసినావు గదా, సంచీతో ఎక్కితే పడుచోళ్లకే ఆయాసం. సునామీ వొచ్చిన మరుసటేడు ఈయన ఆ ఎత్తు ఎక్కుతా ఎక్కుతా సగంలో ఆగిపోయి, సముద్రం వేపు తిరిగి అలగ నిలబడిపోయీవోడు. కింద పడవలు దించబోతన్నోళ్లు అది చూసి, దానయ్య ఆగిపోయినాడర్రా ఏదో ఉందని వలలు మడిచీసీవోరు. బెంగాలీవోళ్లు కూడా, దానయ్య భయ్యా రుక్ గయా అనుకుంటా వెనక్కొచ్చీసీవోరు. ఓలమ్మా, నానెంత మురిసిపోయీదాన్నో! తీరా చూస్తే సముద్రం అద్దం. గాలి నేదు, మబ్బు నేదు. అలగ వేట పోగా పోగా, పక్క పడవ సత్యారావు ఇంటికొచ్చి, మా పిల్లల కూడు తీసీస్తన్నావేటని గట్టిగా అడిగీసినాడు. అప్పుడు తల దించుకున్నాడు మీ తాత.

"నాను గాలి చూడ్డం నేదురా. ఎత్తెక్కితే రొమ్ము మీద రాయెట్టినట్టుంటాది. ఆగితే పోతాది. ఉత్తినే ఆగడానికి సిగ్గేసి సముద్రం వేపు తిరుగుతన్నాను."

ఇది తెలిస్తే ఎవడూ పడవెక్కనివ్వడని దాచుకున్నాడట. ఇంకేటి, ఓడెక్కించి వైజాగ్ పెద్దాస్పత్రికి తీస్కుపోయినాము. మణికట్టులోంచి సన్నటి గొట్టం పంపించి, టీవీలో గుండె చూపించినాది డాక్టరమ్మ. రక్తం దారుల గోడల్లో కొవ్వు పేరుకుని, సున్నంలాగ గట్టిపడిపోతాదట. నిన్నా మొన్నా కాదట, పడుచు వయసులోనే మొదలవుతాదట. కూకుంటే చాలిన రక్తం ఎత్తెక్కితే చాలదట, అందుకే ఆగితే తగ్గీది. దారి తెరిచి వలలాటి చిన్న జాలీ గొట్టం పెట్టాలన్నాది. ఈయన మొండికేసీసినాడు. నాను పుట్టిన కాణ్ణించి అది నాకు పన్జేసింది, దాన్ని కెలకొద్దు, పోదాం పదమన్నాడు. నాను కాళ్లట్టుకుని ఏడిచినాను. అబ్బే, విననేదు. ఇలగే పోతే ఎప్పుడో పడవ మీదే పోతాడని ఆవిడ నాకు చెప్పీసింది మరి.

అప్పుడావిడేటి చేసిందంటే, ఆ బొమ్మ మళ్లీ ఏసింది. ఇదుగో పెద్ద దారి, దాదాపు మూసుకుపోయింది, మరి ఇన్నాళ్లెలగ బతికినాడో చూడండన్నాది. పక్కన ఎంట్రుకంత దారులు మంజూ! వంకర్లు తిరుగుతా, మూసుకున్న చోటు దాటి అవతలకి పోతన్నాయి. అందరికీ ఇంత బాగా ఎదగవట. మన మడ అడవిలో ఖాడీ, అదే ఉప్పునీళ్ల కాలవ, పూడిపోతే నీళ్లు వేర్ల సందున పక్క దారి చేసుకోవూ, అలగ. ఎవరూ చెప్పకుండానే! నాకు ఒళ్లు జలదరించింది. ఈయన రెప్పెయ్యకుండా చూసి చూసి, కళ్లనీళ్లెట్టుకున్నాడు.

"నాను సిగ్గుతో దాచుకుంటా తిరిగితే, ఇది నన్నడక్కుండా నాకోసం దారి తవ్వుతందే. దానికోసం నాను ఆ ఆపరేషను బల్లెక్కనేనా?"

ఎక్కినాడు. బీడీ మానీసినాడు, మందులు మాననేదు, మీ అమ్మ పెళ్లి కళ్లారా చూసినాడు. నాకు మాత్రం ఓ అలవాటొచ్చీసింది. మజ్జానం ఆయన పడుకుంటే రొమ్ము మీద చెయ్యేసి చూసీదాన్ని. మడిసి నిద్దరపోతన్నా అది పని మానదు గదా, ఎంత వింత. దేవుణ్ణి ముట్టుకున్నట్టుండీది. ఓ మజ్జానం అలగే చెయ్యేసినాను. ఏటీ నేదు. నాను కేకెయ్యనేదు, ఎవర్నీ పిలవనేదు. ఇంతకాలం పన్జేసింది, ఇంక అలిసిపోయిందనుకుని, చెయ్యి అలగే ఉంచీసినాను, ఒళ్లు చల్లబడీదాకా.

చదువుకో మంజూ. దీపం దగ్గరికి జరుపుకో.