గేటు దాచుకున్న జవాబు

ఆఫీసు గేటు దగ్గర కార్డు చూసే మిషన్ నాలుగోసారీ ఎర్రదీపమే వెలిగించింది. ప్రోగ్రాములు రాసే ఆవిడ గార్డు వైపు తిరిగింది.

“బాబాయ్, నా ఉద్యోగం నిన్నటితో అయిపోయిన మాట నిజమే. పొద్దున్నే మళ్ళీ తీసుకున్నారు. పదింటిలోగా లోపల సంతకం పెట్టకపోతే ఇదీ ఊడుతుంది.”

“మరి ఈ మిషన్ కాదంటుందేంటమ్మా?”

“మాటిమాటికీ ఉద్యోగుల పేర్లుండే డేటాబేస్‌ని అడగకుండా, ఒకసారి విన్న జవాబునే దాచుకుంటుంది. రాత్రి విన్న ‘కాదు’నే పట్టుకు వేలాడుతోంది.”

“ఎప్పుడు మర్చిపోతుందట?”

“మర్చిపొమ్మని రాయలేదు.”

“ఎవరమ్మా ఆ మహానుభావుడు?”

“నేనే. లోపలికెళ్తే రెండు నిమిషాల్లో సరిచేస్తా.”

“సరే, విజిటర్ పాస్ రాస్తా. ఎవర్ని కలవాలి?”

“నన్నే. అది బాగుచేసేది నేనొక్కదాన్నే.”

గార్డు లోపలికి ఫోన్ చేసి, శ్రద్ధగా విని పెట్టేశాడు.

“మీరింకా రాలేదటమ్మా. వచ్చేదాకా ఆ కుర్చీలో కూర్చోండి.”