తలుపు కొట్టని ఉపదేశి

1963వ సంవత్సరం జూన్ 16, ఆదివారం నాడు, సాలూరు నుంచి ఒక రేకుపెట్టెతో ఈ హిందీ ప్రాంతపు ఉక్కు కర్మాగారం ఊరికి వచ్చి మన చర్చి విచారణలో ఉపదేశిగా చేరిన శ్రీ బోనెల శౌరిగారు, ముప్పైమూడేళ్ల నిర్విరామ సేవ అనంతరం ఈ సెప్టెంబరు నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పదహారేళ్లుగా విచారణ సంఘంలో వారి సహచరుడిగా ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. క్యాంప్ 2లో ఇనుపసామాను అమ్ముకునేవాడిని. దేన్నైనా తూచి చూడటం నా అలవాటు.

తొలి పదకొండేళ్లు వారు క్యాంప్ 2లోని రేకుల షెడ్డులో, మూడు షిఫ్టుల వారికీ వీలయ్యేలా రోజుకు మూడుసార్లు ప్రార్థన నడిపించారు. 1974లో మరోదా అనే పేటకు మారి, పిల్లలకు సత్యోపదేశం చెప్పడం ప్రారంభించారు. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు కంటే హిందీయే దగ్గర కనుక, వరప్రసాదమంటే, అంటే దేవుడు ఉచితంగా ఇచ్చే కృప అంటే ఏమిటో మాటలతో సరిపెట్టక, చేతిలో జామపండు పట్టుకుని, వాళ్లను పిడికిళ్లు బిగించమనేవారు.

"పండు ఉత్తినే ఇస్తన్నాను. ముట్ఠీ నువ్వే ఖోల్ బేటా!"

"మీరే తెరవండి మాస్టారూ," అని ఏంజెలా అనే పిల్ల ఒకసారి మొండికేసింది.

"నాను నీ యేళ్లు ఇరిసి తెరిస్తే అది పండు పెట్టడం అవదమ్మా, దెబ్బలాట," అని నవ్వారు.

దేవుని కృప లేనిదే రక్షణ లేదనీ, ఆ కృపకు మనిషి స్వేచ్ఛగా సమ్మతించాలనీ శ్రీసభ చెప్పే బోధను ఇంత తేలికగా చెప్పినవారిని నేను చూడలేదు.

నాకు మాత్రం ఆ పాఠం ఆలస్యంగా పట్టింది. మా చెల్లెలు డైసీ మా మాట కాదని లక్ష్మీప్రసాద్‌ను పెళ్లాడి పక్క ఊరు కుమ్హారిలో కాపురం పెట్టింది. 1984లో మా అమ్మ పోయినప్పుడు నేను కావాలనే ఆమెకు కబురు పంపలేదు. తప్పు ఒప్పుకోవడానికి బదులు గుడికి బల్లలు చేయించాను, గంట కట్టించాను. పుణ్యం తప్పుతో సరితూగాక, ఫాదరుగారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్దామని ఏడేళ్లు ఆగాను. 1991లో, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో ఈ సంగతి శౌరిగారికి చెప్పాను.

"బల్లలు బాగున్నాయి రాయప్పా, కూకుంటన్నాం," అన్నారు. "అవి సూపించి క్షమాపణ కొంటావేటి? ఆయన ముందే సెయ్యి సాపీసినాడు. పిడికిలి నీది."

ఆ సాయంత్రమే సైకిలు తీసి కుమ్హారి దాకా నాతో వచ్చి, సందు మొదట్లో ఆగిపోయారు. మీరే వచ్చి తలుపు కొట్టండి, మీ మాట వింటుందని బతిమాలాను.

"నాను కొట్టను. నువ్వు కొట్టు. నేదంటే ఇద్దరం ఎల్లిపోదాం."

కొట్టాను. తలుపు తీసిన డైసీతో, అమ్మ విషయంలో తప్పు చేశానని చెప్పాను. బల్లల మాట ఎత్తలేదు.

"ఈ ముక్క సెప్పడానికి ఏడేళ్లు పట్టిందేటన్నియ్యా?" అని ఏడ్చింది. తర్వాత సందు మొదలు కేసి చూసి, "ఆరినీ రమ్మను. ఈ ఇంటికొచ్చి బయట నిలబడ్డం ఆరికలవాటు నేదు," అంది.

అమ్మ చనిపోయిన నెల నుంచీ వారు నెలకోసారి ఆ ఇంటికి వెళుతూనే ఉన్నారట. "మీ అన్న ఒస్తాడమ్మా, ఒచ్చినప్పుడు తలుపు తియ్యి," అని చెబుతూనే ఉన్నారట. నాతో ఒక్క మాట అనలేదు. మర్నాడే పాపసంకీర్తనానికి వెళ్లాను. ఏడేళ్లూ నేను తూచిన వాటిలో ఆ సైకిలు లేదు. అది నాకంటే చాలా ముందే బయలుదేరింది.

శౌరిగారూ, వారి సతీమణిగారూ నిండు ఆరోగ్యంతో, మరెన్నో సందుల దాకా సైకిలు తొక్కే సత్తువతో, నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. అభినందన సభకు డైసీ జామపండ్ల బుట్ట తెస్తోంది. అందరూ చేతులు తెరుచుకుని రావలసిందిగా ప్రార్థన.