గంట లేని సైకిలు

అయ్యో, బూట్లు గుమ్మంలోనే విప్పేయండి టిండల్ గారూ! మీ తప్పు కాదు లెండి, నాకు తెలీదా? మలుపు దగ్గర ఆ సైకిళ్ళవాళ్ళు పక్కకి దూకించారు కదూ? ఎంతమంది? నలుగురా? ఒక్కడన్నా గంట కొట్టాడా? కొట్టరు! వాళ్ళకంత తీరికెక్కడిది!

జిల్లా ఆఫీసు నుంచి పనిగట్టుకుని వచ్చిన మిమ్మల్నే దురదగొండిలోకి తోశారంటే, ఇక మాబోటివాళ్ళ సంగతి చెప్పాలా? కూర్చోండి. టీ పోస్తాను. ఓహో, మీరు పాలు ముందు పోసుకునే రకమా? ఫరవాలేదు, ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం.

కొండ చూశారుగా. కొండంటే నాకే నవ్వొస్తుంది. మా నెదర్‌కోమ్‌లో దాన్ని గొర్రెలు కూడా రొప్పకుండా ఎక్కుతాయి. దాని మీద నుంచి దిగడానికి తలకి డిప్పలట, మోచేతులకి డొప్పలట, కళ్ళకి అద్దాలట! యుద్ధానికి పోతున్నారా? అరమైలు దిగి, టామ్‌సిన్ వ్యాను దగ్గర కాఫీ తాగడానికి పోతున్నారు.

ఆ, ఆ టామ్‌సినే. మోకాలికి ఎప్పుడూ ఏదో ఒక పట్టీ వేసుకుని తిరుగుతుందే, ఆ పిల్లే. అర్జీ పెట్టింది తనే కదా.

అది కాలిబాట అండీ. కాలిబాట అంటే కాళ్ళకి. గుర్రపుబాట అయితే గుర్రాలకీ, సైకిళ్ళకీ. ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లని అడిగినా చెబుతుంది. "ఇరవై ఏళ్ళుగా తొక్కుతున్నాం, ఎవరూ మమ్మల్ని ఆపలేదు, కాబట్టి గుర్రపుబాటగా రాయండి" అని అర్జీ! మన చట్టం ఎంత ముచ్చటైందో చూడండి. తప్పు పందొమ్మిదేళ్ళు చేస్తే తప్పు. ఇరవై ఏళ్ళు మానకుండా చేస్తే హక్కు!

ఎవరూ ఆపలేదా? మరి నేనెవర్ని? కాలిబాటల సంఘం అధ్యక్షురాలిని! వానలో గొడుగేసుకుని నించుని ఆపాను. బోర్డు రాయించి పాతాను. కానీ నేను పాతితే చెల్లదట కదా, భూమి గలాయన పాతాలట. ఆయనేమో లండన్‌లో ఉంటాడు. ఆ కొండ తనదని ఆయనకి అర్జీ చూశాకే తెలిసింది.

కేకు తీసుకోండి. బెరిల్ చేసింది. మా సంఘం కార్యదర్శి. రుచిగా ఉండదు, కానీ తినాలి.

ఇంతకీ తమాషా ఏమిటో తెలుసా? టామ్‌సిన్ దగ్గర ఒక్క రుజువూ లేదు. సైకిలు తొక్కేవాళ్ళు తేదీలు రాసుకుంటారా ఏమన్నా? రుజువులన్నీ ఎవరి దగ్గరున్నాయి? నా దగ్గర! రెండువేల మూడు నుంచీ పదమూడొందల పన్నెండు ఫిర్యాదులు. తేదీ, వేళ, సైకిలు రంగు, మనిషి పోలిక, గంట ఉందో లేదో. అన్నీ మీ ఆఫీసుకే పంపాను. ఒక్కదానికి జవాబు రాశారా? లేదు! కానీ పారేయలేదట చూశారా, మహానుభావులు. వరసగా దాచారట. అవన్నీ పేర్చి చూస్తే ఇరవై ఏళ్ళూ ఎలా తొక్కారో పూసగుచ్చినట్టు ఉందట.

నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. నవ్వండి, నవ్వండి. బెరిల్ నవ్వలేదు గానీ, ఊరంతా నవ్వింది.

ఏమిటది? ఆ కాయితాలా... తెలుసు. మీరొచ్చింది వాటి గురించేనని మీరు ఫోను చేసినప్పుడే తెలుసు. టీ చల్లారిపోతోంది, ముందు తాగండి.

రెండువేల పదిహేడు, పద్దెనిమిది. ఆ రెండేళ్ళూ కొండ మీద ఎవరూ లేరు, నిజమే. పక్క అడవిలో వాళ్ళకోసం ఎగుడుదిగుళ్ళు కట్టి, చెక్క వంతెనలేసి కొత్త బాటలు తెరిచారు. బెల్లం చుట్టూ ఈగల్లా అందరూ అటే పోయారు. తర్వాత అక్కడ కారు పెట్టుకోవడానికి డబ్బులు అడిగేసరికి మళ్ళీ ఇటే ఎగిరొచ్చారనుకోండి. కానీ ఆ రెండేళ్ళు మాత్రం పిట్ట కూత తప్ప ఏమీ లేదు. నేను గెలిచాను!

గెలిచానా?

దానికి ముందు అక్టోబరులోనే మా క్లైవ్ పోయాడు. మా ఆయన. మీ దగ్గరున్న వాటిల్లో ఆయన బోలెడుసార్లు ఉంటాడు, చూసుకోండి. "పొడుగాటి మనిషి, పచ్చ సైకిలు, బుద్ధి ఉండాల్సిన వయసు." అదెవరనుకున్నారు? మొగుడని వదిలేస్తానా? వదిలేస్తే ఊరు ఊరుకుంటుందా?

ప్రతి ఆదివారం పొద్దున్నే కొండెక్కేవాడు. నేను కింద గేటు దగ్గర పుస్తకం పట్టుకుని నించునేదాన్ని. నా పక్కనుంచి పోతూ టింగుమని గంట కొట్టేవాడు. ఇంటికొచ్చి గుడ్లు వేపుతూ, "ఇవాళ నేనెన్నో నంబరు గ్వెండా?" అనడిగేవాడు. నూట నలభై అంటే, "అబ్బో, సెంచరీ కొట్టి చాలా రోజులైందన్న మాట" అనేవాడు. సిగ్గు లేని మనిషి!

"ఒక్కసారి నువ్వూ ఎక్కవే" అని అడిగేవాడు. ప్రతి ఆదివారమూ అడిగేవాడు. "నేను ఎక్కితే నా మీద నేనే ఫిర్యాదు రాసుకోవాలి" అనేదాన్ని. ఆయన పగలబడి నవ్వేవాడు. నేను నవ్వేదాన్ని కాదు. నేను హాస్యానికి అనలేదు మరి.

ఆయనతోపాటు ఆ గంటని కూడా పెట్టెలో పెట్టి పంపేశాను. పాస్టరుగారు అదోలా చూశారు. చూడనీ.

వస్తున్నా, వస్తున్నా, కాయితాల దగ్గరకే వస్తున్నా. ఆ రెండేళ్ళలో పదకొండు ఫిర్యాదులున్నాయి. పదకొండింట్లోనూ ఒక్కరే. అంతేగా మీ చిక్కు? ఆ ఒక్కరూ నిజంగా ఉంటే ఇరవై ఏళ్ళ గొలుసు తెగలేదని మీ పైవాళ్ళు అంటారు. లేకపోతే తెగింది. తెగితే టామ్‌సిన్ అర్జీ చెత్తబుట్టలోకి. అవునా? నాకూ చట్టం వచ్చు లెండి.

బెరిల్ మొన్న వచ్చి చేతులు పట్టుకుంది. "ఏముంది గ్వెండా, చూపు ఆనలేదని చెప్పు. ఎవరో బండి తోసుకుంటూ నడిచి పోయుంటారు, పొరపాటుపడ్డాను అని చెప్పు. ఒక్క మాటతో అయిపోతుంది" అంది. నిజమే, ఒక్క మాట. ఇరవై ఏళ్ళ పోరాటం గట్టెక్కుతుంది. రేపు మా సంఘం సభలో నాకు చప్పట్లు కొడతారు. దానికోసమే ఈ కేకు కూడా పంపింది.

కానీ టిండల్ గారూ, ఆ పదమూడొందల పన్నెండింట్లో ఒక్క అబద్ధం లేదు. ఒక్కటంటే ఒక్కటి. అది తప్ప నాకు గొప్పగా చెప్పుకోడానికి ఇంకేముంది?

ఏదీ, అది ఇలా ఇవ్వండి. నా అద్దాలు... ఆ. "ఏప్రిల్ ఎనిమిది. ఆదివారం ఉదయం ఏడుంబావు. పచ్చ సైకిలు. గంట లేదు. ముసలి ఆడమనిషి. తలకి రక్షణ లేదు. వాలు మీద బ్రేకు వేయకుండా, అసభ్యంగా కేకలు పెడుతూ దిగినది. చివర దురదగొండిలో పడినది."

ముసలిది అని రాయడానికి చెయ్యి రాలేదు. కానీ రాశాను. ఉన్నదున్నట్టు రాయాలి కదా.

అలా చూడకండి నాయనా. నేనే.

ఏం చేయమంటారు? కొండంతా నిశ్శబ్దం. పుస్తకం పట్టుకుని గేటు దగ్గరకి పోతే రాయడానికి ఎవరూ లేరు. ఇంటికొస్తే నేనెన్నో నంబరని అడిగేవాళ్ళూ లేరు. కొట్టుగదిలోంచి ఆయన సైకిలు తీశాను. సీటు దింపుకున్నాను, ఆయన పొడుగు కదా. పైదాకా తోసుకుంటూ పోయాను. ఎక్కాను. అంతే.

కేకలు అని రాశానే, అవి కేకలు కావు. అదొక్కటే ఆ ఫైల్లో పొరపాటు, దిద్దుకోండి. నవ్వు. అరవై ఏడేళ్ళకి, బ్రేకు దొరక్క, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాను. కిందపడ్డాక ఏడ్చాను. పన్నెండేళ్ళపాటు ఆదివారం ఆదివారం ఆ మనిషి ఇది చూపించడానికి పిలిచాడే, నేను కింద నించుని అంకెలు వేసుకున్నానే అని ఏడ్చాను. వెధవ మొహం దాన్ని.

తర్వాత ఇంటికొచ్చి, చేతులకి మందు రాసుకుని, ఫిర్యాదు రాశాను. పదకొండు సార్లు పోయాను, పదకొండు రాశాను. తప్పు తప్పే కదండీ! మొగుణ్ణే వదలని దాన్ని, నన్ను నేను వదిలేసుకుంటానా?

సంతకం ఎక్కడ? ఇక్కడా? పేరు కూడా రాయాలా... గ్వెండా పోకాక్. ఇదిగో. అయిపోయింది. టామ్‌సిన్‌కి పండగ. బెరిల్ ఇక నాతో మాట్లాడదు. అధ్యక్ష పదవి రేపే పోతుంది. ఒక లాభం, ఈ కేకు మళ్ళీ తినక్కర్లేదు.

సైకిళ్ళ మీద ఇకపై ఏం రాస్తానంటారా? ఏం రాస్తాను, గుర్రపుబాట అయ్యాక వాటి మీద రాసేదేముంది? కానీ గుర్రపుబాట అన్నాక గుర్రాలొస్తాయి కదా. గుర్రాలొస్తే పేడ వేస్తాయి కదా. బాట నడిమధ్యన వేస్తాయి.

మొన్ననే కొత్త ఫైలు కొన్నాను. మీ ఆఫీసులో ఒక బీరువా ఖాళీ చేయించి పెట్టండి.