చల్లటి పెట్టెలో ఎనభై అయిదు డిగ్రీలు

నవ్వకు. ముందు ఆ రికార్డు పుస్తకం అక్కడ పెట్టు. ల్యాబులో మీటరు ముట్టుకోకుండా గ్రాఫు గీశానని చెప్పుకోవడానికి సిగ్గులేదూ? ఏదో ఘనకార్యం చేసినట్టు! "అందరూ అంతే తాతయ్యా" అంటావేం, అందరూ గడ్డి తింటే నువ్వూ తింటావా? కూర్చో. మీ చిన్నతాత కూడా ఇలాగే నవ్వేవాడు. నువ్వు పుట్టకముందే పోయాడు, నీకు ఫొటో ఒక్కటే తెలుసు. నా సొంత తమ్ముడు. ఒక్కరినే చదివించగలనన్నారు నాన్న. వాడికి తెలివి ఉంది, నాకు చేతిపని వచ్చు, సరే అని నేను తప్పుకుని ఫ్యాక్టరీలో టంకం బల్ల దగ్గర చేరాను. దానికి నాకేం బాధలేదు. ఆ, ఏం చెబుతున్నాను? వాడి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు. సెలవులకొచ్చి నాకు పాఠం చెప్పాడు: "గీత ముందు గీసుకోవాలన్నయ్యా, చుక్కలు తర్వాత. ఒకటి రెండు కావాలనే పక్కకి పెట్టాలి, అప్పుడే నిజమనిపిస్తుంది." ఆ కాకిలెక్కలకి లెక్చరరు పదికి పది వేశాడట. మొక్కై వంగనిది మానై వంగుతుందా?

చదువవగానే మా ఫ్యాక్టరీకే టెస్టింగు ఇంజనీరుగా వచ్చాడు. మా ఫోర్మను, "తమ్ముడైతేనేం, ఆఫీసరు వస్తే లేచి నిలబడవయ్యా" అనేవాడు. నిలబడేవాణ్ని, సంతోషంగానే. మేం చేసేవి లిఫ్టు తలుపులు నడిపే ఎలక్ట్రానిక్ కార్డులు. బయటికి పంపేముందు, వేడికి తట్టుకుంటాయో లేదో చూడ్డానికి, వాటిని బీరువా అంత వేడిపెట్టెలో మూడు రోజులు ఎనభై అయిదు డిగ్రీల్లో ఉంచి, గంటగంటకీ రీడింగు రాయాలి. విసుగు పుట్టే పనే, కాదనను. కానీ వాడి జీతం దానికే కదా! ఒక బుధవారం ఆ పక్కగా పోతూ పెట్టె తలుపు మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. వాడేమో కుర్చీలో కూర్చుని కాలు ఊపుతూ ఎనభై అయిదు, ఎనభై అయిదు అని రాసుకుంటూ పోతున్నాడు. ఏంట్రా ఇది అంటే, "కాయిల్ కాలిపోయింది, కొత్తది రేపొస్తుంది. సరుకు శుక్రవారం వెళ్ళాలి. నిరుడు వెయ్యి కార్డులు పెట్టాం, ఒక్కటైనా చెడిందా? నీ టంకం పని నువ్వు చూసుకో" అన్నాడు. చూసుకున్నాను. పైవాళ్ళకి చెప్పాల్సింది. తమ్ముడు కదా అని నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది, దాచను.

ఎండాకాలం వచ్చింది. ఎక్కడో ఒక మేడ మీద మోటారు గదిలో వేడికి కార్డు చెడి, ఐదో అంతస్తులో లిఫ్టు రాకుండానే తలుపు తెరుచుకుంది. నేల తుడిచే ఆవిడ వెనక్కి నడుస్తూ తుడుస్తోందట. చూసుకోలేదు. ఇంకేం చెప్పను.

విచారణకి వచ్చినాయన రిజిస్టరు పక్కన స్టోరు చీటీ పెట్టాడు. కాలిన కాయిల్ వాపసు చేసింది మంగళవారం, కొత్తది ఇచ్చింది గురువారం సాయంత్రం. మరి బుధవారం ఎనభై అయిదు ఎక్కణ్ణుంచి వచ్చింది? నన్ను పిలిచి అడిగారు, చెప్పాను. అమ్మ నాతో ఏడాది మాట్లాడలేదు. వాడు రెండేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు, తర్వాత ఏ ఫ్యాక్టరీ గేటూ దాటనివ్వలేదు. రేడియోలు బాగుచేసుకుంటూ బతికాడు. బుద్ధొచ్చింది, అదీ నిజమే. ఒక్కో రీడింగు నాలుగుసార్లు చూసేవాడు.

జైలూ కాదురా, ఉద్యోగమూ కాదు వాడు చెల్లించిన మూల్యం. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. పిల్లకి జ్వరం. వాడు దాని నోట్లో థర్మామీటరు పెట్టి, తీసి, కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసి "నూట రెండు" అన్నాడు. మీ చిన్ననాయనమ్మ వాడి చేతిలోంచి అది తీసుకుంది, విదిలించింది, పిల్ల నోట్లో మళ్ళీ పెట్టింది.