కుంకుమ బొట్టు పెట్టిన పొడుగు రైఫిలు

1994 ఆగస్టు మూడో తేదీన ఎమ్మిగనూరు కళాశాలలో వ్యాయామ అధ్యాపకులుగా చేరిన శ్రీ భీమసేనరావు గారు, ఆనాటి నుంచి నేటి పదవీ విరమణ దాకా తీసుకున్న నిర్ణయాలలో ఒక్కటి కూడా గురి తప్పలేదని సగర్వంగా మనవి చేస్తున్నాము.

ఎమ్మిగనూరులో ముళ్లకంపలు కొట్టించి మైదానాన్ని తీర్చిదిద్దినవారు, నందవరం పల్లెల పిల్లలకు కబడ్డీతో పాటు క్రమశిక్షణ నేర్పినవారు, తరువాత ఆదోనికి బదిలీపై వచ్చి ఇక్కడ ఎయిర్ రైఫిల్ శిక్షణను ప్రారంభించినవారు ఆయనే. ఆయన ఈల వేస్తే ఆస్పరి రోడ్డు మీది ఆటోలు సైతం వరుసలో నిలబడేవని పూర్వ విద్యార్థుల వాంగ్మూలం.

నాలుగేళ్ల క్రితం కళాశాలకు కొత్త రైఫిలు మంజూరైంది. కర్నూలు దుకాణంలో పొట్టి గొట్టానిది ఒకటి, పొడుగు గొట్టానిది ఒకటి చూపించారు. "గొట్టం పొడుగుంటే గురి సూటిగుంటాదప్పా. పొట్టిది పిల్లలాటకు," అని సారు పొడుగుదాన్నే ఎంచుకున్నారు. అటువంటి పొట్టి రైఫిలునే అంతకుముందు బొమ్మ తుపాకి అని ఎమ్మిగనూరు కళాశాల సామాన్ల గదిలో వదిలి వచ్చినవారు కూడా ఆయనే. దసరా ఆయుధపూజనాడు కొత్త రైఫిలుకు బంతిమాల వేసి, దాని చెక్క పిడికంతా పసుపు పూయించి, కుంకుమ బొట్లు పెట్టించారు.

ఆ రైఫిలు సనా చేతికి వచ్చింది. పరుపులు కుట్టే పీరా సాబ్ గారి అమ్మాయి. "వచ్చే పోటీలో రాష్ట్ర జట్టుకు ఎంపిక కాకుంటే ఆట చాలు సార్, ఇంట్లో పనుండాది," అని తండ్రి ముందే చెప్పి ఉన్నారు. సనా మొదటి గుండ్లు నడుమ కొట్టేది. ఆపైన అన్నీ కిందికి జారేవి.

"తుపాకి ముక్కు బరువుండాది సార్. కిందికి గుంజుతాంది."

"చేతిలో బలం లేక అట్లంటావు. బిందెలు మొయ్యి!"

సనా బిందెలు మోసింది. గుండ్లు జారుతూనే ఉన్నాయి.

ఒక ఉదయం సారు తామే ఆ రైఫిలు పట్టుకొని, పోటీలో నిలబడినట్లే నిలబడ్డారు. కాసేపటికి ఎడమచేయి దిగింది, గొట్టం మూతి కిందికి వాలింది. రైఫిలును రెండు వేళ్ల మీద ఆనిస్తే ముందుకే ఒరిగింది. ఆ పిల్ల చేతికి కావలసింది పొడవు కాదనీ, పట్టుకున్న చోట సమంగా నిలిచే బరువనీ ఆయనకు బోధపడింది.

మార్చుకోవాలని కర్నూలు వెళితే దుకాణదారు చెక్కలో ఇంకిన కుంకుమను చూపించి, "పూజ చేసిన తుపాకి యాడ అమ్మేది సార్?" అని చేతులు జోడించాడు.

ఇక మిగిలింది తాము వెక్కిరించిన బొమ్మ తుపాకే. బస్సెక్కి ఎమ్మిగనూరు పోయి, తమ దగ్గరే చదివి అక్కడే అధ్యాపకుడైన దేవేంద్రప్ప గారిని అడిగి తెచ్చుకున్నారు. మరునాడు మైదానంలో పిల్లలందరి ఎదుట, "తప్పు నీ చేతిది కాదమ్మా, నాది. ఊరికే బిందెలు మోయించినా," అన్నారు. పెద్ద పదవిలో ఉన్నవారు కూడా పలకడానికి జంకే మాట అది.

పోటీలో సనాకు మూడో స్థానం వచ్చింది. రాష్ట్ర జట్టుకు ఎంపికైంది. నేడు మన పిల్లలకు శిక్షణలో సారుకు సాయంగా నిలుస్తున్నది ఆమే.

ఈ వీడ్కోలు సభకని పీరా సాబ్ గారు ఆదోని దూదితో దిండు ముందే కుట్టి తెచ్చారు. "పొడుగు కుట్టలే సార్. పొట్టిదే. మెడకు సమంగుంటాది."

అచ్చుకు పోకముందు ఈ వ్యాసాన్ని సారుకు చూపించడం జరిగింది. కళ్లద్దాలు సవరించుకొని, దీన్ని రాసిన గ్రంథాలయ ఉద్యోగి ఉమేర్‌ను పిలిపించారు.

"ఏమప్పా, ఒక్కటీ గురి తప్పలేదని పైన రాసి, కింద రైఫిలు కత రాస్తివే?"

"మొదటి వాక్యం అబద్ధం సార్."

"మరి ఆటోలు?"

"ఒక్కటే నిలబడింది సార్. అదీ పంచరై."

సారు నవ్వలేదు. "రైఫిలు కత మాత్రం తీసెయ్యొద్దు," అన్నారు.

తీసివేయలేదు. శ్రీ భీమసేనరావు గారు, వారి సతీమణి శ్రీమతి ఇందిరాబాయి గారు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలనీ, ఆ పొట్టి దిండు మీద వారికి ప్రతి రాత్రీ కమ్మని నిద్ర పట్టాలనీ మనసారా కోరుతున్నాము. ఈ ఒక్క మాటలో అతిశయోక్తి లేదు.