మెమరీ మార్చినా పడని ‘ఒకటి’

నా పదవీ విరమణ సభకు పెద్దగా కూర్చున్న మన సంస్థ అధ్యక్షులు పరశురాం గారికి, ఆయన పక్కనున్న సాంకేతిక అధికారి ప్రవళిక మేడమ్‌కు, ఊరూరా తిరిగి బోరు నీళ్ల సీసాలు మోసుకొచ్చే క్షేత్ర సిబ్బందికి, ప్రయోగశాలలో నాతో కలిసి చాయ్ తాగి, ఆ చాయ్ మీదనే నాతో తగువులాడిన మిత్రులకు, మొదటి వరుసలో కూర్చున్న నా భార్య కోమలకు, చిట్యాల అవతలి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మా అక్క సైదమ్మకు, అందరికీ ప్రేమ్‌సాగర్ చేతులెత్తి దండం పెడుతున్నాడు.

ఇందాక పరశురాం గారు నా గురించి ఒక మాట అన్నారు. “ప్రేమ్‌సాగర్ చేతిల తప్పు అనేది పడదు” అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. నేను ఫ్యాను కిందనే కూర్చున్నా నా చొక్కా తడిసి ముద్దయింది, చూస్తున్నారు కదా. కోమల మాత్రం కొత్త చొక్కా గుడ్డే మంచిది కాదని అనుకుంటూ ఉంటుంది. (నవ్వులు) గుడ్డ మంచిదేనమ్మా. నాకు భయమేస్తోంది. నాలుగు నెలలుగా వేస్తూనే ఉంది, ఈ మైకు ముందుకు వచ్చాక ఇంకా ఎక్కువైంది. కాస్త మంచినీళ్లు ఇప్పించండి.

నా పని మీకు తెలియనిది కాదు. సీసాలో నీళ్లు వస్తాయి, ప్రయోగశాల వాళ్లు పరీక్షించి అందులో ఫ్లోరైడ్ ఎంతుందో ఒక చీటీ మీద రాస్తారు, ఆ అంకెను నేను కంప్యూటర్‌లో ఎక్కిస్తాను. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆ ఊరికి ‘తాగవచ్చు’ అని కాగితం పోతుంది, దాటితే ‘తాగరాదు’ అని పోతుంది. అంతకు మించి నాకు తెలివితేటలతో పని లేదు. నల్గొండలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు రెండూ పాసైన వాణ్ని కాబట్టి మిగతావాళ్లలాగా కుడిచేతి పక్కనున్న అంకెల మీటలు నేను ముట్టను. పై వరుసలోనే, ఏ వేలికి ఏ మీట అని మా మాస్టారు బెత్తం పట్టుకుని నేర్పారో ఆ వేలితోనే కొడతాను. ఒకటి అంకె ఎడమచేతి చిటికెన వేలిది. వేరే వేలితో కొట్టమంటే ఈ జన్మకు నావల్ల కాదు.

నా కంప్యూటర్ సంగతి కూడా మీకు తెలుసు. దాన్ని ఆన్ చేసి వెళ్లి చాయ్ తాగి వచ్చేసరికి కూడా తెర మీద ఆ గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉండేది. (నవ్వులు) రెండు పట్టికలు ఒకేసారి తెరిస్తే బిగుసుకుపోయేది. నేను కొట్టిన అంకెల్లో అప్పుడప్పుడు ఒకటి కనబడేది కాదు. “గీ మిషిన్ అంకెలు మింగుతాంది” అని నేను గోల పెట్టేవాణ్ని, మీరంతా నిజమేననేవారు. నన్ను ఎవరూ అనుమానించలేదు, నన్ను నేనూ అనుమానించుకోలేదు.

ప్రవళిక మేడమ్ వచ్చాక నా గోల ఆలకించారు. నాలుగు జీబీ మెమరీ ఉన్న దానికి ఇంకో ఎనిమిది జీబీ వేద్దామన్నారు. ఊరికే వేయడం కాదు, వేయకముందు ఎంత, వేశాక ఎంత, కొలిచి చూద్దామన్నారు. పాత చీటీలు వంద తీసి అవే చీటీలు ముందొకసారి, తర్వాత ఒకసారి నన్ను ఎక్కించమన్నారు. నేను తెలివిగా పట్టికలన్నీ ముందే ఒకసారి తెరిచి పెట్టుకున్నాను. మేడమ్ కనిపెట్టేశారు. “గట్ల కాదు సార్, ఒకసారి తెరిచిన ఫైలు రెండోసారి ఎట్లైనా జల్ది తెరుచుకుంటది. బంద్ చేసి మళ్ల షురూ చేసినంకనే కొలవాలె” అని ఫోన్‌లో గడియారం పెట్టుకుని నా పక్కన స్టూలు వేసుకున్నారు.

ముందు లెక్క చెబుతాను. వంద చీటీలకు గంటా పన్నెండు నిమిషాలు పట్టింది. ఒక పట్టిక నుంచి ఇంకో పట్టికకు పోవడానికి ప్రతిసారీ పది సెకన్లు. తప్పులు తొమ్మిది, తొమ్మిదింటిలోనూ మొదట ఉండాల్సిన ఒకటి లేదు. సాయంత్రం గడియారం సెంటర్ దగ్గర దుకాణంలో వేలెడంత పచ్చటి మెమరీ ముక్క తెచ్చి బిగించారు. మర్నాడు మళ్లీ కొలిచాం. ఆన్ కావడం పెద్దగా మారలేదు. “అది హార్డ్ డిస్క్ పని సార్, మెమరీది కాదు” అన్నారు మేడమ్. కానీ పట్టికలు మాత్రం వేలు తీయకముందే తెరుచుకున్నాయి. ఎక్కడా బిగుసుకోలేదు. గంటా పన్నెండు నిమిషాల పని యాభై ఆరు నిమిషాల్లో అయిపోయింది. మేడమ్ సంబరపడి, “తప్పులు మీరే పోల్చి చెప్పుండ్రి సార్” అని సమయాలు రాసుకోవడానికి తన గదికి వెళ్లారు.

నేను చీటీలు ఒక్కొక్కటే తిప్పి పోల్చాను. తప్పులు ఎనిమిది.

(నీళ్లు తాగి)

మిషిను బాగైంది, తప్పులు తగ్గలేదు. మీట చెడిపోయిందేమోనని ఆశపడ్డాను. అటెండరును పిలిచి, ఒకటి యాభై సార్లు కొట్టమన్నాను. యాభైకి యాభై పడ్డాయి. నేను కొట్టాను. నలభై నాలుగు పడ్డాయి. అప్పుడు నా ఎడమచేయి చూసుకున్నాను. చిటికెన వేలు సగమే వంగుతోంది, మీటను తాకుతోంది కానీ నొక్కడం లేదు. చిన్నప్పుడు మా ఊరి బావి నీళ్లే తాగి పెరిగినవాణ్ని, మా నాయిన మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసేవాడు. ఆ ఫ్లోరైడ్ బిగువు నా వేళ్లలోకి ఎప్పుడొచ్చిందో నాకు తెలియలేదు.

మేడమ్ వచ్చి “ఎన్ని సార్?” అన్నారు. “ఏం లేవు మేడమ్. ఒక్కటి గూడ లేదు” అన్నాను. అబద్ధం చెప్పాను మేడమ్, మీరు లేచి నిలబడకండి, పూర్తిగా చెప్పనివ్వండి. అప్పటికి ఇంకో నాలుగు నెలల్లో పదవీ విరమణ. చేతులు పోయాయని కుర్చీలోంచి లేపేస్తారేమో, ఇన్నేళ్ల పేరు పోతుందేమో అనుకున్నాను. మెమరీ పెంచితే తప్పులు తొమ్మిది నుంచి సున్నాకు వచ్చాయని మీరు నమ్మి రాశారు. ఆ మాటే ఇవాళ ఈ సన్మాన పత్రంలో కూడా అచ్చయింది.

అసలు భయం ఆ రోజు కాదు, మర్నాడు పట్టుకుంది. ఒకటి పడకపోతే ఏమవుతుందో ఆలోచించండి. చుక్క ముందు అంకె లేకపోతే కంప్యూటర్ సున్నా వేసుకుంటుంది, ఒకటి పాయింట్ ఎనిమిది సున్నా పాయింట్ ఎనిమిది అవుతుంది. అదీ మామూలుగా వచ్చే అంకెే కాబట్టి ఎవరి కంటా పడదు. తాగరాని నీళ్లకు నా చేత్తోనే ‘తాగవచ్చు’ అని కాగితం పోతుంది. అంతకుముందు చీటీ చదివి సరిచూసే మనిషి ఉండేవారు. ఆరేళ్లుగా నేనొక్కణ్నే.

చీటీల సంచులు వెనక గదిలో ఉన్నాయి. అన్నం తిన్నాక పాత కాగితాలు సర్దుతున్నానని చెప్పి అన్నిటికంటే పాతవాటి నుంచి మొదలుపెట్టి నెలల తరబడి పోల్చాను. ఆరేళ్లలో రెండేళ్లు అయ్యాయి. నలభై మూడు బోర్లు దొరికాయి. కంప్యూటర్‌లో దిద్దితే తేదీతో సహా నా పేరు పడుతుందని దిద్దలేదు. దిద్దలేదు అయ్యా! రాసుకుని జేబులో పెట్టుకుని తిరిగాను. ప్రతి సంచీ విప్పగానే ముందు ఊరి పేర్లే చూసేవాణ్ని, తెలిసినది వస్తుందేమోనని.

పోయిన వారం వచ్చింది. మా అక్క ఉండే వాడకట్టు బోరు. చీటీలో ఒకటి పాయింట్ తొమ్మిది. కంప్యూటర్‌లో సున్నా పాయింట్ తొమ్మిది. నాలుగేళ్ల కింద మా అక్క నన్ను అడిగింది, “ఏందిరా తమ్మీ, నల్లా నీళ్లు సప్పగుంటయి, బోరు నీళ్లు తాగొచ్చునా?” అని. నేను కంప్యూటర్‌లో చూసి చెప్పాను, “తాగక్కా, ఏం ఫికర్ లేదు” అని. ఆదివారం చెబుదామని వాళ్లింటికి పోయాను. అక్క మోకాళ్లు పట్టుకుని లేచి చెంబుతో నీళ్లిచ్చింది. ఆ మోకాళ్లకు వయసో, నీళ్లో నాకు తెలియదు. ఆ నీళ్లు మొత్తం తాగేసి, చెప్పకుండానే ఇంటికి వచ్చాను.

(హాలులో కలకలం. సైదమ్మ లేచి: “తమ్మీ, నా కోడలు కడుపుతోని ఉన్నదిరా. అది గవే తాగుతాంది.”)

తెలుసక్కా. అందుకే ఇవాళ కూడా దాటేస్తే ఇక ఎప్పుడూ చెప్పలేనని భయపడి ఈ మైకు పట్టుకున్నాను. ఇప్పుడే ఇంటికి ఫోన్ చెయ్యి, ఆ నీళ్లు పారబోయమను. పరశురాం గారూ, ఈ నలభై మూడు బోర్ల జాబితా తీసుకోండి. సాయంత్రం కాకముందే ఆ ఊళ్లకు మనుషుల్ని పంపండి. మిగిలిన నాలుగేళ్ల సంచులు విప్పించండి. చీటీలు నేను చదువుతాను, కానీ మీటలు వేరేవాళ్లు కొట్టాలి, కొట్టినదాన్ని ఇంకొకరు చూడాలి. ప్రవళిక మేడమ్, మీరు కొలిచింది కొలిచినట్టే ఉంది, నేను చెప్పిన సున్నా ఒక్కటే కొట్టేసి ఎనిమిది రాయండి. శాలువా కప్పవద్దు, ఎట్లా మోయాలో నాకు తెలియదు.

ఇన్నేళ్లు నన్ను నమ్మినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. నా మీద కోపం ఉన్నవాళ్లు తర్వాత తిట్టండి, వింటాను, ముందు ఫోన్లు తీయండి. జాబితాలో మొదటి ఊరి నుంచి నేను చదువుతాను, అక్కడ ఎవరు తెలిసినవాళ్లుంటే వాళ్లు ఫోన్ చేసి ఆ బోరు కొట్టొద్దని చెప్పండి. నలభై మూడోది చదివాకే నాకు సెలవు.