గడ్డి కప్పు దుకాణం

శుక్రవారం మధ్యాహ్నం, రియాద్ నగరంలోని బతా పేటలో ఒక మెస్సు. టైల్స్ మేస్త్రి అంజన్న అన్నం తింటున్నాడు. అతని కఫీల్ (సౌదీ యజమాని) ఆఫీసులో పనిచేసే జనార్దన్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“అంజన్నా, నిజం చెప్పు. నిన్న కఫీల్‌కు ఏం జెప్పినవ్?”

“ఏం జెప్పలే. చుట్టీ అడిగిన. మూడేండ్లాయె ఇంటికి పోక, నా పెండ్లాం లస్మవ్వ మొకం జూడక.”

“చుట్టీ సంగతి గాదు. ఇంగ్లండు బిల్డింగ్ సంగతి.”

“అగో, అదా? ఫోన్ల ఫోటో చూపెట్టి ‘కొందునా అంజన్?’ అన్నడు. కొనకు అన్న. జూసినవా దాన్ని? గోడ పక్కకు ఒరిగింది. వంగకుంటె తలుపుకు తల పగులుతది. మీద గడ్డి! గడ్డి కప్పు తమ్మీ! గాదానికి కోట్లా?”

“నాలుగు వందల ఏండ్ల ఊరు అన్నా అది. జూడనీకె జనం ఎగవడి వస్తరు. కింద మూడు దుకాణాలు, కిరాయి ఎన్నడు ఆగదు.”

“గట్లయితె కూలగొట్టి స్లాబ్ ఎయ్యి, మీద రెండంతస్తులు లేపు, కిరాయి డబుల్ వస్తది అన్న. తప్పా?”

“ఆ ముక్క ఆయన వీడియో కాల్ల ఆ బిల్డింగ్ అమ్మే మేడమ్‌కు జెప్పిండు. ఇంగ్లీషుల జెప్పింది నేనే. ఆమె గుండె పట్టుకున్నది.”

“ఎందుకు?”

“సర్కారు కాపాడే ఇల్లట. కిటికీ మార్చాలన్నా పర్మిషన్ గావాలె. కూలగొడితె జైలు.”

“జైలా? మనిల్లు మనం కూలగొట్టుకుంటెనా? మా ఊర్లె…”

“మీ ఊరు ఇడిసిపెట్టు. అసలు ముచ్చట ఇను. బ్యాంకోడు లోన్ ఇస్తనన్నడు. ఒక్కటే షరతు. గడ్డి పాతదైంది, మళ్ల గడ్డే కప్పాలె. ఆ పని వచ్చినోళ్లు అక్కడ తక్కువ. రెండేండ్ల దాక ఖాళీ లేరట.”

“మంచిగైంది. బేరం పోయింది. ఇగ నా చుట్టీ…”

“బేరం పోలే. గడ్డి గురించి నువ్వు ఇంకేమన్నవ్?”

“ఏమో. యాదికి లేదు.”

“యాదికి తెచ్చుకో.”

“ఏమన్న… ‘గడ్డి సంగతి నాకు తెల్వదా బాబా, మా ఇంటికి నేనే కప్పిన, ఇరవై ఏండ్లు చుక్క కారలే’ అన్న. మాట వరసకు.”

“మాట వరసకా! ఆయన గదే పట్టుకున్నడు. ‘నా దగ్గర ఉస్తాద్ ఉన్నడు’ అని మేడమ్‌కు జెప్పిండు. ఆమె సంబురపడ్డది. బ్యాంకోడు గూడ సరే అన్నడు.”

“సరే అంటె?”

“నీ చుట్టీ క్యాన్సిల్. ఇంగ్లండు వీసాకు నీ పాస్‌పోర్టు పోతున్నది.”

“వామ్మో. వద్దను తమ్మీ. వద్దను.”

“ఎందుకే? జీతం మూడింతలు!”

“పన్నెండేండ్ల సంది జూస్తున్నవ్. ఎన్నడన్న నన్ను నిచ్చెన మీద జూసినవా?”

“లేదు… నువ్వు నేల టైల్స్ మేస్త్రివి గదా.”

“నేల పనే ఎందుకు పట్టిన అనుకున్నవ్? రెండు మెట్లెక్కితె నాకు కండ్లు దిరుగుతయి.”

“మరి చుక్క కారలే అంటివి?”

“కారలే. అది నిజమే.”

“మరి ఎవలు కప్పిన్రు?”

“నవ్వద్దు.”

“నవ్వ. చెప్పు.”

“లస్మవ్వ. కొంగు నడుముకు చెక్కి తనే ఎక్కేది. నేను కింద నుంచి గడ్డి కట్టలు ఇసిరేటోన్ని.”

“అంజన్నా! ఇప్పుడు కఫీల్‌కు ఏం జెప్పాలె?”

“ఉన్నదున్నట్టు చెప్పు. ఉస్తాద్ ఇంటికాడ ఉన్నది, వీసా ఆమెకు తియ్యమను. నన్ను గూడ తోలమను, కట్టలు ఎవలన్న అందియ్యాలె గదా.”